కొత్త స్కూటర్ 40 దాటొద్దంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్‌ని. వయసు 44. అనకాపల్లిలో ఉంటాం. స్కూలు కశింకోట వైపు, ఇంటి నుంచి 7 కిలోమీటర్లు. ఇన్నేళ్లూ ఆటోలోనే వెళ్లొచ్చాను. ఈ మధ్య ఎల్ఎల్ఆర్ తీసుకుని, మా అబ్బాయి పాత బండి మీద గ్రౌండ్‌లో కాస్త నేర్చుకుని, 110 సీసీ స్కూటర్ బుక్ చేశాను. శుక్రవారం డెలివరీ. మొదటి రెండు వేల కిలోమీటర్లు 40 దాటితే ఇంజిన్ సీజ్ అయిపోతుందని మా బావగారు అంటున్నారు. మా వీధి చివర మెకానిక్ మాత్రం "అలా మెల్లగా నడిపితే బండికి ఇక పికప్ రాదు మేడమ్, ఇప్పుడే లాగించాలి" అంటున్నాడు. షోరూమ్ కుర్రాడేమో ఈ రోజుల బళ్లకి అవేం అక్కర్లేదన్నాడు. ఆదివారం మా అన్నయ్య నన్ను వెనక కూర్చోబెట్టుకుని వైజాగ్ సంపత్ వినాయగర్ గుడికి పూజకి తీసుకెళ్తానంటున్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఇంజిన్ కంటే స్టార్ట్ చేయడమే టెన్షన్. మా ఇంటి ముందు ర్యాంపు బాగా ఏటవాలుగా ఉంటుంది. పక్కింటావిడ కొత్త బండి స్టార్ట్ చేయగానే అది ముందుకు దూకి గేటుకి కొట్టుకుంది. ఏం చేయాలో వివరంగా చెప్పండి.
ఒక పాఠకురాలు, అనకాపల్లి

సమాధానం:

టీచర్ గారూ, మీ ఉత్తరంలో అసలు మాట చివర్లో ఉంది. బావగారు, మెకానిక్, షోరూమ్ కుర్రాడు ముగ్గురూ ఇంజిన్ గురించే మాట్లాడుతున్నారు. కానీ మొదటి నెలలో ఇంజిన్ పాడైపోయిన కొత్త స్కూటర్లను నేను చూసింది చాలా తక్కువ. గేటుకో, గోడకో, ముందున్న ఆటోకో కొట్టుకున్నవాటికి లెక్కే లేదు. అందుకే ముందు స్టార్టింగ్ సంగతి చూద్దాం. ఇంజిన్ విషయం తర్వాత. దాని గురించి అంత కంగారు పడాల్సిన పని లేదు.

పక్కింటావిడ బండి ఎందుకు దూకిందో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. గేర్లు లేని స్కూటర్‌కి క్లచ్ లివర్ ఉండదు. ఇంజిన్ కాస్త వేగంగా తిరిగితే చాలు, వెనక చక్రం దగ్గరున్న క్లచ్ దానంతట అదే పట్టుకుని చక్రాన్ని తిప్పేస్తుంది. రేజ్ ఇవ్వకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నంతసేపూ (ఐడ్లింగ్‌లో) పట్టుకోదు. అంటే బండి నిలబడాలన్నా, దూకాలన్నా అంతా మీ కుడి మణికట్టులోనే ఉంది. బండి ఒరుగుతోందనో, జారుతోందనో భయం వేసినప్పుడు ఎవరైనా హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుని తమ వైపు లాక్కుంటారు. అలా లాగితే రేజ్ పెరుగుతుంది. రేజ్ పెరిగితే బండి ముందుకు దూకుతుంది, ఒళ్లు వెనక్కి పోతుంది, దాంతో మణికట్టు ఇంకాస్త తిరుగుతుంది. కాళ్లు రెండూ నేలకి ఈడ్చుకుంటూ పోయి దేనికో ఒకదానికి కొట్టుకునేదాకా అది ఆగదు. ఆవిడకి డ్రైవింగ్ రాకపోవడం కాదు కారణం. ఆ క్షణంలో ఎవరి చెయ్యైనా అలాగే చేస్తుంది. కాబట్టి చేతికి ఆ అవకాశం ఇవ్వకుండా ముందే అలవాటు చేసుకోవాలి.

బండి ఎక్కి కూర్చున్నాక సైడ్ స్టాండ్ పూర్తిగా పైకి తీయండి. ఇప్పుడొచ్చే చాలా స్కూటర్లలో స్టాండ్ కిందికి ఉంటే ఇంజిన్ స్టార్ట్ కాదు. "కొత్త బండి, అప్పుడే స్టార్ట్ అవ్వట్లేదు" అని షోరూమ్‌కి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది స్టాండ్ తీయడం మర్చిపోయినవాళ్లే. ఎడమ చేత్తో బ్రేకు నిండుగా పట్టుకోండి. బ్రేకు పట్టకపోతే సెల్ఫ్ పనిచేయదు, పడుతూ వదులుతూ ఉన్నా పనిచేయదు. తాళం ఆన్ చేశాక ఒక్క రెండు సెకన్లు ఆగండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక మన స్కూటర్లలో గాలిని, పెట్రోల్‌ని కలిపే పాత కార్బురేటర్ పోయి, పెట్రోల్‌ని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. తాళం తిప్పగానే పెట్రోల్ ట్యాంకులోంచి సన్నగా "జ్‌జ్" మని పంపు శబ్దం వినిపిస్తుంది, మీటర్లో ఇంజిన్ బొమ్మ లైటు వెలిగి ఆరుతుంది. ఆ శబ్దం ఆగాక బటన్ నొక్కండి. రేజ్ ఇవ్వొద్దు, కొంచెం కూడా. ఎంత గాలి, ఎంత పెట్రోల్ కావాలో ఆ బండే చూసుకుంటుంది. స్టార్ట్ అవ్వగానే బటన్ వదిలేయండి. అవ్వకపోతే నాలుగైదు సెకన్లకి మించి నొక్కి పట్టుకోకండి. పది సెకన్లు ఆగి మళ్లీ నొక్కండి. లేదంటే బ్యాటరీ దిగిపోతుంది.

ఇక్కడ బావగారు ఒక సలహా ఇస్తారు చూడండి, "బండిని ఒకసారి కుడి పక్కకి వంచి స్టార్ట్ చేయమ్మా" అని. పాత చేతక్, ప్రియా స్కూటర్లు నడిపినవాళ్లకి అది చేతుల్లో ఉండిపోయిన అలవాటు. వంచితే కార్బురేటర్‌లోకి పెట్రోల్ దిగి బండి అందుకునేది. మీ బండిలో ఆ కార్బురేటరే లేదు. వంచితే మీ నడుం పట్టేయడం తప్ప ఉపయోగం లేదు.

స్టార్ట్ అయ్యాక ఎడమ బ్రేకు వదలకండి. బయల్దేరడానికి రోడ్డు, అద్దం, ఎదురుగా వచ్చేవాళ్లు అన్నీ చూసుకునేదాకా అది పట్టుకునే ఉండాలి. కుడి చేతి విషయానికొస్తే, చూపుడు వేలు, మధ్య వేలు ముందు బ్రేకు లివర్ మీద చాచి పెట్టండి. మిగతా రెండు వేళ్లు, బొటనవేలు గ్రిప్ చుట్టూ ఉంటే చాలు. అలా వేళ్లు చాచి ఉన్నప్పుడు గ్రిప్‌ని గబుక్కున తిప్పాలన్నా చెయ్యి సహకరించదు. మణికట్టు మోచేతికి తిన్నగా గానీ, కాస్త పైకి గానీ ఉండాలి. కిందికి వంగిన మణికట్టుతో గ్రిప్ పట్టుకుంటే మీరు పైకి లేచినా, ఒరిగినా రేజ్ దానంతట అదే పడుతుంది. ఇది చదివి అర్థం చేసుకుంటే సరిపోదు. డెలివరీ అయిన సాయంత్రం బండి సెంటర్ స్టాండ్ మీద పెట్టి, తాళం తీసేసి, పావుగంట ఊరికే చేతులు పెట్టి తీసి అలవాటు చేసుకోండి.

ఇక మీ ర్యాంపు. మన ఊళ్లలో రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెరుగుతుందని ఇంటి అరుగు అంతకంటే ఎత్తు లేపుతాం, దాంతో ర్యాంపు నిచ్చెనలా తయారవుతుంది. స్కూటర్ బరువు నూరు కిలోల పైమాటే. మొదటి నెల మాత్రం ఇంజిన్ ఆన్‌లో పెట్టి ర్యాంపు దిగకండి. లోపల చదునుగా ఉన్న చోట చేత్తో తిప్పి ముందు చక్రం వీధి వైపు పెట్టుకోండి. తాళం ఆఫ్‌లో ఉండాలి, హ్యాండిల్ లాక్‌లో కాదు. బండి మీద కూర్చుని, రెండు బ్రేకులూ సగం సగం పట్టుకుని, పాదాలు నేలకి తగులుతుండగా మెల్లగా వీధిలోకి దిగండి. బ్రేకులు పనిచేయడానికి ఇంజిన్ అక్కర్లేదు. వీధిలో చదునుగా నిలబడ్డాక స్టార్ట్ చేయండి. దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేయకండి, ర్యాంపు మీద ఇసుక ఉంటే చక్రం పక్కకి జారుతుంది.

ఎక్కడం ఇంకాస్త కష్టం. పక్కింటావిడకి ఏ గేటు తగిలిందో మీరు రాయలేదు గానీ, ఎక్కువ ప్రమాదాలు ఎక్కేటప్పుడే జరుగుతాయి. సగం ఎక్కాక భయమేసి ఆపబోతారు, బండి వెనక్కి జారుతుంది, జారుతోందని రేజ్ ఇస్తారు, ఎదురుగా గేటు. అందుకని బండి దిగి ముందు గేటు రెండు రెక్కలూ బార్లా తీసేయండి. ఒక రెక్క తీసి సర్దుకుపోదామనుకోకండి. లోపల కారు గానీ, తులసికోట గానీ తిన్నగా ఎదురుగా ఉంటే మొదటి వారాలు మీరు ఎక్కించకండి, మీ అబ్బాయినో ఇంట్లో ఇంకెవర్నో ఎక్కించమనండి. ఇందులో నామోషీ ఏం లేదు. కుదిరితే ఒక మేస్త్రీని పిలిచి ర్యాంపుని ఇంకో రెండడుగులు ముందుకు లాగించండి. కాలవ మీద కట్టినదైతే మున్సిపాలిటీ వాళ్లతో ఒక మాట అనుకోండి.

సెంటర్ స్టాండ్ మీద నుంచి బండి దించేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉండకూడదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పక్కన నిలబడి, కుడి చేత్తో హ్యాండిల్ పట్టుకుని ముందుకి తోస్తే చెయ్యి గ్రిప్ మీదే ఉంటుంది, తోసే ఊపులో రేజ్ పడుతుంది, చక్రం నేలకి తగలగానే బండి ఒక్కటే వెళ్లిపోతుంది. స్టాండ్ మీద ఉండగా ఇంజిన్ ఆన్‌లో ఉంటే, కాస్త రేజ్ పడ్డా వెనక చక్రం తిరుగుతుంది కూడా. చీర కొంగు, చున్నీ, చిన్నపిల్లల వేళ్లు దాని దగ్గరికి పోకూడదు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మన దగ్గర పిల్లల్ని స్కూటర్ ముందు నిలబెట్టుకుని తీసుకెళ్తాం. కూరగాయల బండి దగ్గర ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, కాళ్లు కింద పెట్టి బేరమాడతాం. పిల్లవాడి చెయ్యి సరిగ్గా కుడి గ్రిప్ మీద ఉంటుంది. వాడు సరదాకి తిప్పుతాడు, అంతే. మీ ఇంట్లో మేనల్లుళ్లు, మేనకోడళ్లు ఉంటే ఈ ఒక్కటీ ఇంటిల్లిపాదికీ నియమంగా పెట్టండి: బండి ఆగితే తాళం తీయాలి.

పొద్దున్నే స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు వేడెక్కనిచ్చే అలవాటు కూడా వదిలేయొచ్చు. ఇంజెక్షన్ బండికి పదిహేను, ఇరవై సెకన్లు చాలు. ఆయిల్ పైదాకా చేరిపోతుంది. తర్వాత మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు నిదానంగా వెళ్తే ఇంజిన్ అక్కడే వేడెక్కుతుంది. ఊరికే నిలబెట్టి నడిపితే పెట్రోల్ దండగ, పైగా కొత్త ఇంజిన్‌కి మంచిది కూడా కాదు. షట్టర్ దించిన గదిలో, సెల్లార్ మూలలో ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబడకండి. సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు.

ఇప్పుడు ఇంజిన్‌కి వద్దాం. బావగారు చెప్పింది ఆయన కాలానికి నిజం. అప్పటి చేతక్, ప్రియా, ఎల్ఎంఎల్ వెస్పా అన్నీ టూ స్ట్రోక్. బంకులో పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయించుకునేవాళ్లు. పిస్టన్‌కి అందే ఆయిల్ అదే. రేజ్ మూసేసి దిగుడులో జారుకుంటూ వెళ్తే పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా తగ్గిపోయేది. కొత్త బోరు (పిస్టన్ ఆడే గొట్టం) బిగువుగా ఉండి, వేడెక్కి, ఆయిల్ చాలక పిస్టన్ పట్టేసేది. దాన్నే సీజ్ అవ్వడం అనేవాళ్లు. మీ బండి ఫోర్ స్ట్రోక్. ఆయిల్ కింద విడిగా ఉంటుంది, పంపు దాన్ని తిప్పుతూనే ఉంటుంది. బోరు, పిస్టన్ కొలతలు కూడా అప్పటికంటే చాలా ఖచ్చితంగా వస్తున్నాయి. అందుకే షోరూమ్ కుర్రాడి మాటలోనూ కొంత నిజముంది. కాకపోతే "అవేం అక్కర్లేదు" అన్నది మాత్రం తప్పు. బండితో ఇచ్చే పుస్తకం తెరిచి అతనికే చూపించండి. కంపెనీని బట్టి మొదటి 500 నుంచి 1000 కిలోమీటర్ల దాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువ, ఫుల్ రేజ్ ఇవ్వొద్దని, ఒక్కసారిగా పికప్ లాగొద్దని రాసి ఉంటుంది. కొన్ని కంపెనీలు సగం రేజ్ ఎంతవరకు, ముప్పావు రేజ్ ఎంతవరకు అని విడివిడిగా కూడా రాస్తాయి.

లోపల జరిగేది ఇదీ. బోరు గోడ అద్దంలా నున్నగా ఉండదు. ఫ్యాక్టరీలో కావాలనే దాని మీద కంటికి కనిపించీ కనిపించనంత సన్నటి అడ్డగీతలు గీస్తారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. పిస్టన్ చుట్టూ ఉన్న రింగులు ఆ గోడకి రాసుకుంటూ, ఎత్తుగా ఉన్న మొనలు అరిగి, గోడ ఆకారానికి సరిపోతాయి. రింగుని గోడకి నొక్కేది దాని స్ప్రింగు గుణం మాత్రమే కాదు, పెట్రోల్ మండినప్పుడు పుట్టే ఒత్తిడి కూడా. ఈ చివరి ముక్క దగ్గరే మీ మెకానిక్ సగం గెలుస్తాడు. రేజ్ అసలు ఇవ్వకుండా పాకించుకుంటూ వెళ్తే ఆ ఒత్తిడి చాలదు, రింగులు సరిగ్గా కూర్చోవు. ఆయిల్ పల్చటి పొరలా మాడి గోడకి అంటుకుపోతుంది. తర్వాత ఆయిల్ తాగే బండి అవుతుంది. అలాగని అతను అన్నట్టు ఇప్పుడే లాగిస్తే, ఇంకా సరిపోని మొనలు విపరీతంగా వేడెక్కి గోడని గీకేస్తాయి. మధ్యలో ఉండాలి. మధ్యలో ఉండటమంటే ఒకే స్పీడులో ఉండటం కాదు, రేజ్ కాస్త ఇస్తూ వదులుతూ ఉండటం.

40 అనే అంకె ఎందుకు పనికిరాదంటే, గేర్ల బండిలో స్పీడుని బట్టి ఇంజిన్ ఎంత కష్టపడుతోందో కొంతైనా చెప్పొచ్చు. మీ స్కూటర్‌లో బెల్టు, వేరియేటర్ ఉంటాయి. బండి ఎంత బరువు లాగాల్సి వస్తే, మీరు రేజ్ ఎంత తిప్పితే, దాన్ని బట్టి గేరింగ్ దానంతట అదే మారిపోతుంది. చదును రోడ్డు మీద మీరు ఒక్కరే 45లో వెళ్తుంటే ఇంజిన్ హాయిగా ఉంటుంది. అదే వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే 30లోనే అది పూర్తిగా కష్టపడుతుంది. మీటరు చూస్తే 30 అని ఉంటుంది, తృప్తిగా ఉంటుంది, లోపల జరిగేది వేరు. కాబట్టి మీటరు కాదు, మీ చెయ్యి చూసుకోండి. మొదటి 500 కిలోమీటర్లు గ్రిప్ సగానికి మించి తిప్పకండి. 30 నుంచి 50 మధ్య పెంచుతూ తగ్గిస్తూ వెళ్లండి. ఎప్పుడైనా లారీని దాటడానికి క్షణం పాటు 55 అయితే ఇంజిన్ సీజ్ అయిపోదు, బావగారికి చెప్పకపోతే సరిపోతుంది. 500 దాటాక 1000 దాకా కొంచెం కొంచెంగా 60 వరకు వెళ్లొచ్చు. మీకు ఇంకా ఎల్ఎల్ఆరే కాబట్టి అంత స్పీడు అవసరం రాదనే నా ఉద్దేశం.

ఒక్క విషయంలో మాత్రం మీ పరిస్థితి వేరు. రోజూ 7 కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తారు, సాయంత్రం మళ్లీ 7. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి కాసేపు నడిచేలోపే స్కూలు వచ్చేస్తుంది. అందుకని చెయ్యి కుదిరాక, రెండో మూడో ఆదివారం పొద్దున్నే, లైసెన్సు ఉన్నవాళ్లు తోడుగా, చోడవరం రోడ్డు మీద కాసేపు వెళ్లి రండి. అరగంట ఆగకుండా నడిస్తే చాలు. ఎల్ బోర్డు ముందూ వెనకా ఉండాలి. ఎల్ఎల్ఆర్ ఉన్నప్పుడు మీకు నేర్పేవాళ్లని తప్ప ఇంకెవర్నీ వెనక ఎక్కించుకోకూడదు, స్కూల్లో తోటి టీచర్లు లిఫ్ట్ అడిగినా సరే.

ఇంజిన్ కంటే మొదటి వారంలో జాగ్రత్తగా ఉండాల్సినవి టైర్లు. కొత్త టైరు పైపొర నున్నగా, మెరుస్తూ ఉంటుంది. నూరు, నూటయాభై కిలోమీటర్లు నడిచి ఆ మెరుపు పోయేదాకా అది రోడ్డుని సరిగ్గా పట్టదు. పైగా డెలివరీ రోజు షోరూమ్‌లో అందంగా ఉండాలని టైర్లకి నల్ల పాలిష్ కొడతారు. పక్కన కొడితే కొట్టనివ్వండి, రోడ్డుకి తగిలే భాగం మీద మాత్రం వద్దని ముందే చెప్పండి. కొట్టేసి ఉంటే గుడ్డతో గట్టిగా తుడిపించండి. మలుపుల్లో బండిని వంచకుండా, నిటారుగా ఉంచి తిప్పండి. బ్రేకులు కూడా మొదట్లో అంత పట్టవు, లైనింగ్ కూర్చోవాలి. ఖాళీ రోడ్డు మీద 30లో వెళ్తూ నిదానంగా ఆగడం కొన్నిసార్లు చేస్తే అదే సరిపోతుంది. 125 సీసీ లోపు బళ్లలో ఎడమ బ్రేకు పట్టుకుంటే ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు పడేలా ఇస్తున్నారు. అలాగని కుడి బ్రేకు మర్చిపోకండి. తిన్నగా వెళ్తున్నప్పుడు రెండూ కలిపి పట్టుకోవడం మొదటి రోజు నుంచే అలవాటవ్వాలి.

ఆదివారం ప్రోగ్రాం గురించి. నా మాట వింటే వద్దనే చెప్తాను. అనకాపల్లి నుంచి లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక మీదుగా వైజాగ్ వెళ్లే హైవే ఎలా ఉంటుందో మీకు తెలుసు. లారీల మధ్య ఒకే స్పీడులో, ఇద్దరి బరువుతో, గంటకి పైగా. కొత్త ఇంజిన్‌కి పనికిరానివన్నీ ఒకేసారి. టైర్లు ఇంకా మెరుస్తూనే ఉంటాయి. మీ అన్నయ్య గారికి డ్రైవింగ్ బాగా వచ్చు, కాదనను. కానీ ఆ బండి బ్రేకు ఎంత పడుతుందో ఆయనకీ కొత్తే. అనకాపల్లిలో మన నూకాంబిక అమ్మవారి గుడి ఉండగా పూజకి లోటేమిటి? అక్కడ చేయించండి. ఫస్ట్ సర్వీస్ అయ్యాక సంపత్ వినాయగర్ దగ్గరికి వెళ్లండి. ఒక నెల ఆలస్యమైందని వినాయకుడు ఏమీ అనుకోడు.

పూజ దగ్గర కూడా కొన్ని చూసుకోవాలి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించమంటారు. చుట్టూ జనం, చేతిలో ప్రసాదం, కొత్త బండి, రేజ్ ఎంత ఇవ్వాలో తెలియదు. 2025లో ఢిల్లీలో ఇలాగే నిమ్మకాయ తొక్కించబోయి ఒక కొత్త కారు షోరూమ్ మొదటి అంతస్తు అద్దం పగలగొట్టుకుని కింద పడింది. మీరు ఇంజిన్ ఆపేసి, పక్కన నిలబడి చేత్తో ముందుకి తోయండి, నిమ్మకాయ అలా కూడా నలుగుతుంది. ముందు డిస్క్ బ్రేకు ఉంటే ఆ ప్లేటు మీద పసుపు, కుంకుమ, నూనె పడనివ్వకండి. బొట్టు హెడ్‌లైట్ పైన పెట్టించుకోండి. హ్యాండిల్‌కి వేసిన దండ కుడి గ్రిప్‌కి, బ్రేకు లివర్‌కి చుట్టుకోకూడదు. ఇంటికి బయల్దేరే ముందు దండ తీసి డిక్కీలో పెట్టుకోండి. కొబ్బరి చిప్ప ముక్కలు చక్రం ముందు లేకుండా చూడండి. కర్పూరం హారతి పెట్రోల్ మూతకి దూరంగా ఉంటే మంచిది.

ఫస్ట్ సర్వీస్ దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. పుస్తకంలో కిలోమీటర్లు, రోజులు రెండూ రాసి, ఏది ముందైతే అది అంటారు. మీరు రోజుకి 14 కిలోమీటర్లు, నెలకి పాతిక రోజులు వెళ్తే 350 దాటదు. అంటే మీ బండికి కిలోమీటర్లు పూర్తవ్వవు, రోజులే ముందు పూర్తవుతాయి. "ఇంకా 1000 అవ్వలేదు కదా" అని రెండు నెలలు ఆగితే ఫ్రీ సర్వీసు పోతుంది, రేపు వారంటీ దగ్గర పేచీ పెడతారు. తేదీ మీ క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ సర్వీసులో ఇంజిన్ ఆయిల్ మార్పించడం ముఖ్యం, రింగులు అరిగిన లోహపు పొడి అంతా అందులోనే ఉంటుంది. గేర్ ఆయిల్ (వెనక చక్రం దగ్గర విడిగా ఉండేది) కూడా మార్చాలని మీ పుస్తకంలో ఉంటే అడిగి మార్పించండి. అది చిన్న మోతాదు కాబట్టి చాలాచోట్ల మర్చిపోతుంటారు. ఏ ఆయిలో పుస్తకంలో ఉంటుంది. మన స్కూటర్లలో చాలావాటికి 10డబ్ల్యూ-30 గ్రేడు, జాసో ఎంబీ రకం. ఇంజిన్‌కి బలం అని ఇంకేవో సీసాలు పోస్తామంటే వద్దనండి.

మొదటి రోజుల్లో సైలెన్సర్ దగ్గర కాలిన వాసన, కాస్త పొగ వస్తే బెదిరిపోకండి. ఫ్యాక్టరీలో పూసిన పూత మాడుతుంది, నాలుగు రోజుల్లో పోతుంది. ఇంజిన్ ఆపాక టిక్ టిక్‌మని వినిపించేది వేడి లోహం చల్లారే శబ్దం. బయల్దేరేటప్పుడు బండి సన్నగా వణికితే అది క్లచ్ ఇంకా కుదురుకోక. సర్వీస్ నాటికి కూడా తగ్గకపోతే చెప్పండి. నీలం పొగ, బండి కింద ఆయిల్ చుక్కలు, నడుస్తుండగా ఇంజిన్ లైటు ఆరకుండా వెలగడం, వీటిలో ఏది కనిపించినా మాత్రం ఆగి ఫోన్ చేయాల్సిందే. మైలేజీ మొదటి ట్యాంకుకి తక్కువే వస్తుంది, స్టాఫ్ రూమ్‌లో పోల్చుకోకండి.

శుక్రవారం షోరూమ్‌లో సంతకం పెట్టే ముందు టైర్లలో గాలి కొలిపించండి. రవాణా కోసం ఎక్కువ కొట్టి పంపుతారు, తగ్గించకుండానే ఇచ్చేస్తుంటారు. ఎంతుండాలో స్టిక్కర్ మీద ఉంటుంది. ఆయిల్ లెవెల్ మీ ఎదుటే తీసి చూపించమనండి. ట్యాంకులో బంకు దాకా వెళ్లేంత పెట్రోలే ఉంటుంది కాబట్టి తిన్నగా దగ్గరి బంకుకే వెళ్లండి, పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, అది ఎండిపోయేదాకా నడపకూడదు. అలాగని మూత దాకా నింపించకండి. రెండో తాళంచెవి అడిగి తీసుకోండి. బండితో పాటు ఐఎస్ఐ మార్కు హెల్మెట్ ఇవ్వాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో అక్కడే అడగండి. అది మీ తలకి సరిపోకపోతే మార్పించుకోండి. వదులు హెల్మెట్ బ్రేకు వేయగానే కళ్ల మీదికి వస్తుంది.